చెయ్యి వాలిపోతే మెడను అనుమానించారు: ఒక హ్యాండ్ నాబ్ స్ట్రోక్ కేస్ స్టడీ

‘ఎడమ పెరైటల్ లోబ్‌లో చిన్న ఇన్‌ఫార్క్ట్’ అని రాసిన ఎమ్మారై రిపోర్టు ఒకటి నా టేబుల్ మీదకొచ్చింది. ఇన్‌ఫార్క్ట్ అంటే రక్తం అందక చచ్చిపోయిన మెదడు భాగం, స్కాన్‌లో మచ్చలా కనిపిస్తుంది. మచ్చ ఉన్నమాట నిజమే. అది ఉన్న చోటు మాత్రం పెరైటల్ లోబ్ కాదు, దానికి ఒక్క మడత ముందున్న ఫ్రాంటల్ లోబ్, అందులోనూ చేతిని కదిలించే ‘హ్యాండ్ నాబ్’ అనే ముడి. రెండింటి మధ్య ఒక సెంటీమీటరు దూరం కూడా ఉండదు. ఆ కాస్త తేడాకే ఒక పాడిరైతు మెదడు జబ్బు మెడ జబ్బు అయిపోయింది. అత్యవసరంగా చూడాల్సిన రక్తనాళాన్ని ఎవరూ చూడలేదు.

నేను తిరుపతిలో రేడియాలజిస్టును. ఈ కేసు సెకండ్ ఒపీనియన్ కోసం వచ్చింది. పేషెంటు, ఆమె కొడుకు ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఆమెను గుర్తుపట్టడానికి వీలున్న వివరాలు మార్చాను.

పేషెంటు

వయసు అరవైకి దగ్గర. చంద్రగిరి వైపు పల్లె. ఇంట్లో రెండు జెర్సీ ఆవులు. రెండు పూటలా తనే పాలు పితికి, కేంద్రంలో పోసి వస్తుంది. కుడిచేతి వాటం. బీపీ ఉంది, మాత్ర గుర్తొచ్చిన రోజు వేసుకుంటుంది. షుగర్ ఉన్న సంగతి ఈ ఆస్పత్రుల తిరుగుడులోనే బయటపడింది.

ఒక తెల్లవారుజామున ఆవు దగ్గర కూర్చుంటే కుడి చెయ్యి మాట వినలేదు. మణికట్టు కిందికి వాలిపోయింది. వేళ్ళు ముడుచుకుంటున్నాయి గానీ విప్పుకోవడం లేదు. “పొద్దున లేచి చూస్తే చెయ్యి యాలబడిపోయి ఉండాది మేడం. నొప్పీ లేదు, ఏమీ లేదు” అని నాతో చెప్పింది. మాట తడబడలేదు, మూతి వంకర పోలేదు, నడక మామూలుగానే ఉంది. అందుకే ఇంట్లో ఎవరికీ పక్షవాతం అన్న ఆలోచనే రాలేదు. మన ఊళ్ళలో పక్షవాతం అంటే చెయ్యీ కాలూ రెండూ పడిపోవాలి, మూతి ఒక పక్కకు లాగాలి. ఒక్క చెయ్యి, అదీ మణికట్టు నుంచి కిందికి మాత్రమే ఆగిపోతే దాన్ని ‘నరం పట్టేసింది’ అంటారు.

చెయ్యి ఒంటి కింద పెట్టుకుని పడుకున్నట్టుంది, అదే సర్దుకుంటుంది అనుకున్నారు. సర్దుకోలేదు. మర్నాడు కొడుకు బైకు మీద పుత్తూరు తీసుకెళ్ళాడు. ఈ చుట్టుపక్కల చెయ్యో కాలో తేడా చేస్తే ముందు పుత్తూరు కట్టే గుర్తొస్తుంది. అక్కడ కట్టు కట్టే పెద్దాయన చెయ్యంతా తడిమి చూసి, ఎముకా కీలూ బాగానే ఉన్నాయి, ఇది మా పని కాదు, డాక్టరుకు చూపించుకోండి అని పంపేశాడు. ఈ మొత్తం వ్యవహారంలో మొదటి సరైన నిర్ణయం ఆయనదే అని నా ఉద్దేశం.

ఆ తర్వాత ఒక క్లినిక్‌లో ‘రేడియల్ నరం (మణికట్టును, వేళ్ళను పైకెత్తే నరం) నొక్కుకుంది’ అని చెప్పి, బి12 ఇంజెక్షన్లు ఇచ్చి మణికట్టు వాలకుండా స్ప్లింట్ వేశారు. మార్పు కనిపించకపోవడంతో ఆరో రోజున ఒక స్కానింగ్ సెంటర్‌లో మెడకూ మెదడుకూ కలిపి ఎమ్మారై తీయించారు. రిపోర్టులో రెండు విషయాలున్నాయి. మెడలో సి5–సి6, సి6–సి7 వెన్నుపూసల మధ్య డిస్కులు కొద్దిగా ఉబ్బాయి. ఎడమ పెరైటల్ లోబ్‌లో చిన్న తాజా ఇన్‌ఫార్క్ట్ ఉంది.

పెరైటల్ లోబ్ అనగానే ఎంబీబీఎస్ చదివిన ఎవరికైనా స్పర్శ గుర్తొస్తుంది, కదలిక కాదు. ఈమెకు పోయింది కదలిక. కాబట్టి ఆ మచ్చ బీపీ, షుగర్ ఉన్నవాళ్ళలో అనుకోకుండా బయటపడే ‘సైలెంట్’ స్ట్రోకు, చేతి బలహీనతకు కారణం మెడ డిస్కు అని తేల్చారు. రిపోర్టును నమ్మితే ఆ లెక్కలో తప్పేమీ లేదు. యాస్పిరిన్ రాశారు, మెడకు కాలర్ పెట్టారు, తగ్గకపోతే మెడ ఆపరేషన్ ఆలోచించాలన్నారు. ఆపరేషన్ మాట వినేసరికి కొడుక్కి టెన్షన్ పట్టుకుంది. ఎనిమిదో రోజున సీడీ పట్టుకుని నాకు తెలిసిన ఒక న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్ళాడు. ఆయన చెయ్యి చూసి, వాళ్ళను కిందికి నా దగ్గరికి పంపుతూ ఫోన్‌లో అడిగింది ఒక్కటే: “ఆ మచ్చ చేతికి సంబంధించిందా, కాదా? అది చెప్పు చాలు.”

పుస్తకంలో రంగులుంటాయి, స్కాన్‌లో ఉండవు

అనాటమీ పుస్తకంలో ఫ్రాంటల్ లోబ్‌కు ఒక రంగు, పెరైటల్‌కు ఇంకొకటి వేసి, మధ్యలో సెంట్రల్ సల్కస్ అనే గాడిని నల్లటి గీతతో చూపిస్తారు. స్కాన్‌లో అన్ని మడతలూ ఒకే బూడిద రంగు, మడతల మధ్య ఉండే గాళ్ళన్నీ ఒకే నలుపు లేదా తెలుపు. పైగా పుస్తకంలో మెదడును పక్కనుంచి చూపిస్తారు, మేం చూసేది ఎక్కువగా అడ్డంగా కోసిన స్లైసులు. మెదడు పైపొర, అంటే కార్టెక్స్, సుమారు 1 నుంచి 4.5 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. దానిలో మూడింట రెండు వంతులు గాళ్ళ లోపలే దాక్కుని ఉంటుంది. చేతిని కదిలించే భాగం కూడా చాలావరకు గాడి గోడలోనే ఉంటుంది, పైకి కనబడే మిట్ట మీద కాదు.

ఆ గాడే సెంట్రల్ సల్కస్. దానికి ముందున్న మడత ప్రీసెంట్రల్ గైరస్ కదలికను నడిపిస్తుంది, వెనకున్న పోస్ట్‌సెంట్రల్ గైరస్ స్పర్శను అందుకుంటుంది. 1909లో జర్మన్ వైద్యుడు బ్రాడ్‌మన్ కణాల అమరికను బట్టి మెదడు పటం గీసినప్పుడు ముందు దానికి 4 అనీ, వెనక దానికి 3, 1, 2 అనీ అంకెలు వేశాడు. 1937లో మెదడు సర్జన్లు పెన్‌ఫీల్డ్, బోల్డ్రీ ఆపరేషన్ బల్ల మీద మెలకువగా ఉన్న పేషెంట్ల మెదడుకు సన్నటి కరెంటు తాకించి, ఏ చోట తాకితే ఏ అవయవం కదులుతుందో, ఎక్కడ తిమ్మిరి పుడుతుందో చూసి రాశారు. కాలు రెండు అర్ధగోళాల మధ్య లోపలి వైపు, చెయ్యి పైభాగంలో, ముఖం ఇంకా కిందికి పక్కన అన్న వరుస అక్కడి నుంచే అందరికీ తెలిసింది. కాలిని చూసుకునే భాగానికి ఒక రక్తనాళం, చేతికీ ముఖానికీ వేరొక రక్తనాళం, మిడిల్ సెరెబ్రల్ ఆర్టరీ. దాని చివరి కొమ్మ ఒకటి మూసుకుపోతే కాలును ముట్టుకోకుండా చెయ్యి మాత్రమే పోవడం అందుకే సాధ్యమవుతుంది.

స్లైసులో ముందు సగం ఫ్రాంటల్, వెనక సగం పెరైటల్ అని కంటితో అంచనా వేయడం మా వృత్తిలో చాలా మందికి ఉన్న అలవాటు. తొందరలో పని నడిపిస్తుంది కూడా. కానీ సెంట్రల్ సల్కస్ నిటారుగా ఉండదు. కింది నుంచి పైకి పోయేకొద్దీ వెనక్కి వాలుతుంది. నడినెత్తి దగ్గరి స్లైసుల్లో సగం కంటే ఎక్కువ భాగం ఫ్రాంటల్ లోబే. దానికి తోడు తల పెట్టే వాలు. సీటీలో ఒక గీతను, ఎమ్మారైలో ఇంకొక గీతను పట్టుకుని స్లైసులు కోస్తారు. పేషెంటు గడ్డం కొంచెం ఎత్తినా దించినా అదే మడత వేరే స్లైసులో, వేరే చోట కనబడుతుంది. కాబట్టి చోటును చూసి కాదు, ఆకారాన్ని చూసి గుర్తుపట్టాలి.

గాడిని వెతుక్కోవడం

సీడీలో ఉన్నవి 5 మిల్లీమీటర్ల మందపు స్లైసులు. తాజా ఇన్‌ఫార్క్ట్‌ను తెల్లగా చూపే డిఫ్యూజన్ రకం ఎమ్మారైలో తెల్లటి చుక్క స్పష్టంగానే ఉంది, కానీ అంత మందపు స్లైసులో ముందు గోడా వెనక గోడా ఒకదాని మీద ఒకటి పడి, చుక్క రెండింటికీ చెందినట్టు కనిపిస్తోంది. దాన్ని బట్టి తేల్చడం నాకు ఇష్టం లేకపోయింది. అదే రోజు 1 మిల్లీమీటరు మందంతో, మడతల ఆకారం బాగా తెలిసే టీ1 త్రీడీ ఎమ్మారై, దానితో పాటు కొత్తగా డిఫ్యూజన్, కాస్త పాతబడిన మచ్చను కూడా తెల్లగా చూపే ఫ్లెయిర్ తీయించాను. స్క్రీన్ మీద కుడి పక్క కనిపించేది పేషెంటు ఎడమ మెదడు అని చదువరులు గుర్తుపెట్టుకోవాలి.

నేను పైనుంచి కిందికి దిగుతాను. నడినెత్తి దగ్గర రెండు అర్ధగోళాలను విడదీసే చీలిక కనిపిస్తుంది. దాన్ని ఆనుకుని ఇరువైపులా ముందు నుంచి వెనక్కి నిలువుగా సాగే మడత సుపీరియర్ ఫ్రాంటల్ గైరస్. దానికి బయటి అంచున ఉన్న గాడి సుపీరియర్ ఫ్రాంటల్ సల్కస్. ఆ గాడిలో వేలు పెట్టినట్టు వెనక్కి పోతే, ఒక చోట అడ్డంగా వచ్చే ఇంకో గాడికి తగులుతుంది. అది ప్రీసెంట్రల్ సల్కస్. దాని వెనక మడతే ప్రీసెంట్రల్ గైరస్, ఆ మడత వెనక గాడి సెంట్రల్ సల్కస్. పుస్తకం ప్రకారం ఇంతే.

ఈమె ఎడమ మెదడులో ఆ మొదటి మెట్టే సరిగ్గా లేదు. సుపీరియర్ ఫ్రాంటల్ సల్కస్ మధ్యలో ఒక సన్నటి మడత అడ్డంపడి తెగిపోయింది. ప్రీసెంట్రల్ సల్కస్ కూడా పై ముక్క, కింది ముక్కగా ఉంది. ఇది జబ్బేమీ కాదు, చాలా మందిలో ఇలాగే ఉంటుంది. కానీ ఒక్క గుర్తునే నమ్ముకున్నవాళ్ళు సరిగ్గా ఇక్కడే ఒక గాడి అటూ ఇటూ లెక్కేస్తారు. రెండు స్లైసులు కిందికి దిగితే తెగిన గాడి మళ్ళీ కలిసింది. కుడి వైపు అంతా చక్కగా ఉంది, దాంతో పోల్చుకున్నాను.

రెండో గుర్తు మధ్య గీత దగ్గర. మధ్య చీలిక లోపలి గోడ మీద సాగే సింగ్యులేట్ సల్కస్ తన వెనక కొసను పైకి లేపి ఉపరితలానికి వస్తుంది. అడ్డ స్లైసుల్లో రెండు వైపుల ఆ కొసలూ కలిసి బ్రాకెట్ గుర్తులా కనిపిస్తాయి. సెంట్రల్ సల్కస్ లోపలి కొస ఆ బ్రాకెట్‌కు సరిగ్గా ముందు ఉంటుంది. బ్రాకెట్‌ను రెండు కొమ్మలతో పొదివి పట్టుకున్నట్టు వెనక నుంచి వచ్చేది పోస్ట్‌సెంట్రల్ సల్కస్. నాకైతే అన్నిటికంటే నమ్మకమైన గుర్తు ఇదే. మెదడులో వాపు ఉన్నా, మధ్య గీత దగ్గర ఇది అంత తేలిగ్గా చెదరదు. ఈమెలో బ్రాకెట్ రెండు వైపులా స్పష్టంగా ఉంది.

మూడోది మడతల మందం. ముందు నుంచి వెనక్కి కొలిస్తే ప్రీసెంట్రల్ గైరస్ లావు, పోస్ట్‌సెంట్రల్ సన్నం. కార్టెక్స్ కూడా అంతే. సెంట్రల్ సల్కస్ ముందు గోడ వెనక గోడ కంటే మందంగా ఉంటుంది. సన్నటి స్లైసుల్లో, మంచి టీ1లో, కంటికే తేడా తెలుస్తుంది. వెనక నుంచి కూడా ఒకసారి రావాలి. పెరైటల్ లోబ్‌లో ముందుకు సాగే ఇంట్రాపెరైటల్ సల్కస్ వచ్చి పోస్ట్‌సెంట్రల్ సల్కస్‌లో కలుస్తుంది. దాని ముందున్న మడత పోస్ట్‌సెంట్రల్ గైరస్. ముందు నుంచి వచ్చినా వెనక నుంచి వచ్చినా ఒకే గాడి దగ్గర ఆగామంటే ఇక అనుమానం అక్కర్లేదు.

ఇప్పుడు చేతి ముడి. 1997లో యూస్రీ బృందం ఎమ్మారైలో, మెదడులో ఏ చోటు పనిచేస్తోందో చూపే ఫంక్షనల్ ఎమ్మారైలో చూపించి స్థిరపరిచిన గుర్తు ఇది. ప్రీసెంట్రల్ గైరస్ ఒక చోట వెనక్కి ఉబ్బి సెంట్రల్ సల్కస్‌లోకి పొడుచుకొస్తుంది. గాడి దాన్ని చుట్టుకుని పోవాల్సి వస్తుంది, తిరుమల ఘాట్ రోడ్డు కొండ ముక్కును చుట్టి మలుపు తిరిగినట్టు. అడ్డ స్లైసులో ఇది తలకిందులుగా పెట్టిన గ్రీకు ఒమేగా అక్షరంలా, కొందరిలో పడుకోబెట్టిన ఎప్సిలాన్‌లా ఉంటుంది. పక్కనుంచి కోసిన సాజిటల్ స్లైసులో వెనక్కి తిరిగిన కొక్కెంలా కనిపిస్తుంది. వాళ్ళు కొలిచిన ప్రకారం ఆ ముడి సగటున 1.4 సెంటీమీటర్ల వెడల్పు, మధ్య గీత నుంచి సుమారు 23 మిల్లీమీటర్ల దూరం. సుపీరియర్ ఫ్రాంటల్ సల్కస్ వచ్చి ప్రీసెంట్రల్ సల్కస్‌కు తగిలే చోటు వెనకే ఉంటుంది. వేళ్ళు కదిలించే కణాలు ఉండేది ఇక్కడే. ఇంగ్లిషులో హ్యాండ్ నాబ్ అంటారు, మేమూ అలాగే అంటాం.

ఒక హెచ్చరిక. పోస్ట్‌సెంట్రల్ గైరస్ మీద కూడా అప్పుడప్పుడు ఇలాంటి చిన్న ఉబ్బు కనిపిస్తుంది. ఒమేగా కనిపించింది కదా అని అక్కడే ఆగిపోతే మళ్ళీ ఒక మడత తప్పుతాం. ముడిని ఎప్పుడూ బ్రాకెట్‌తోనూ ముందు గాళ్ళతోనూ కలిపి చూడాలి. ఇలా చెబుతుంటే చాలా సేపు పడుతుందనిపిస్తుంది గానీ, అలవాటైన కంటికి నిమిషం పని. మా దగ్గరికి కొత్తగా వచ్చే పీజీ పిల్లలతో నార్మల్ స్కాన్లలో కూడా దీన్ని వెతికిస్తాను. జబ్బున్న స్కాన్‌లో మొదటిసారి వెతకడం మొదలుపెడితే దొరకదు.

ఈమె మచ్చ ఎక్కడుంది? ఎడమ హ్యాండ్ నాబ్ వెనక అంచున, సెంట్రల్ సల్కస్ ముందు గోడలో, కార్టెక్స్‌ను అంటిపెట్టుకుని నెలవంక ఆకారంలో, సుమారు 8 మిల్లీమీటర్లు. ముడి లోపలి కొస వదిలేసి మధ్య నుంచి బయటి వైపుకు ఉంది. గాడికి అటు గోడ, అంటే పోస్ట్‌సెంట్రల్ గైరస్, శుభ్రంగా ఉంది. డిఫ్యూజన్‌లో ఇంకా తెల్లగానే ఉంది, డిఫ్యూజన్ నుంచే లెక్కగట్టే ఏడీసీ విలువ మాత్రం మామూలు స్థాయికి తిరిగి వస్తోంది. ఫ్లెయిర్‌లో కూడా తెలుపు వచ్చేసింది. వారం దాటిన ఇన్‌ఫార్క్ట్ ఇలాగే ఉంటుంది. చెయ్యి వాలిపోయిన తేదీతో సరిపోయింది.

చెయ్యి ఏం చెప్పింది

రేడియాలజిస్టులు పేషెంటును కాదు, ఫిల్మును చూస్తారని మా మీద ఒక మాట ఉంది. చాలావరకు నిజమే. ఈసారి గది బయటకొచ్చి ఆమె పక్కన కూర్చున్నాను.

“అమ్మా, పిడికిలి గట్టిగా బిగించండి” అన్నాను. వేళ్ళు ముడుచుకుంటుండగా, వాలిపోయి ఉన్న మణికట్టు దానంతటది కొంచెం పైకి లేచింది. రేడియల్ నరం దెబ్బతింటే ఇలా జరగదు, మణికట్టు ఇంకా కిందికే వాలుతుంది. మెదడు నుంచి వచ్చే ఆజ్ఞలో మణికట్టును విడిగా ఎత్తమనే భాగం పోయినా, పిడికిలితో పాటు ముడిపడి ఉన్న కదలిక మిగులుతుంది. ఖర్చు లేని పరీక్ష, అర నిమిషం చాలు. క్లినిక్‌లో ఎవరైనా చేసి ఉంటే కథ మొదటి రోజే వేరే దారి పట్టేది.

అరచెయ్యి బల్ల మీద పరిచి వేళ్ళు ఎడంగా చాపమంటే చాపలేకపోయింది. ఆ పని రేడియల్ నరానిది కాదు, అల్నార్ నరానిది. ఒకే నరం నొక్కుకుంటే రెండూ పోవు. మోచెయ్యి మడిచేటప్పుడు ముంజేతిలో లేచే కండరం గట్టిగానే ఉంది. బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య చర్మం మీద దూదితో తాకితే బాగానే తెలిసింది. మెడ అటూ ఇటూ తిప్పితే నొప్పి లేదు, చేతిలోకి లాగడం లేదు. న్యూరాలజిస్టు అప్పటికే రిఫ్లెక్సులు చూశారు. కుడి చేతిలో అవి చురుగ్గా ఉన్నాయి. మెడలో నరం మొదలు నొక్కుకుంటే తగ్గాల్సినవి.

చివరిగా నాణేల పరీక్ష. కళ్ళు మూసుకోమని, కుడి అరచేతిలో ఒక నాణెం పెట్టి నేనే వేళ్ళతో దొర్లించాను. ఆమె తనంతట దొర్లించలేదు కాబట్టి. “రూపాయి” అంది. రెండోది పెడితే “పది రూపాయల బిళ్ళ” అంది. తప్పు లేదు. పోస్ట్‌సెంట్రల్ గైరస్, దాని వెనక పెరైటల్ కార్టెక్స్ పనిచేయకపోతే తాకిడి తెలిసినా వస్తువేమిటో తెలియదు. స్కాన్‌లో గాడికి వెనక గోడ శుభ్రంగా ఉందని చూసింది, ఇక్కడ ఆమె వేళ్ళలో సరిపోయింది. కొడుకు పక్కనుండి “ఇదేం పరీక్ష మేడం” అని నవ్వాడు. ఆ రోజు వాళ్ళ ముఖంలో నేను చూసిన మొదటి నవ్వు.

యాభై దాటినవాళ్ళ మెడ ఎమ్మారై తీస్తే ఉబ్బిన డిస్కు కనిపించకపోవడమే అరుదు. కనిపించిన ప్రతి ఉబ్బూ జబ్బుకు కారణం కాదు. ఈమెలో ఆ డిస్కులు నరాలను నొక్కడం లేదని మెడ స్లైసులు తిరిగి చూస్తే తెలిసింది.

నా రిపోర్టులో ఇలా రాశాను: ‘ఎడమ ప్రీసెంట్రల్ గైరస్‌లో హ్యాండ్ నాబ్ వద్ద, సెంట్రల్ సల్కస్ ముందు గోడలో, చిన్న సబ్అక్యూట్ (కొద్ది రోజుల నాటి) కార్టికల్ ఇన్‌ఫార్క్ట్. పోస్ట్‌సెంట్రల్ గైరస్‌లో మార్పు లేదు. కుడి చేతి బలహీనతకు ఇది కారణం. రక్తగడ్డ ఎక్కడి నుంచి వచ్చిందో వెతకడానికి మెడ రక్తనాళాల పరీక్ష, గుండె పరీక్ష వెంటనే అవసరం.’

‘కారణం’ అన్న మాట రిపోర్టులో రాయడానికి మేం మామూలుగా వెనకాడతాం. ‘క్లినికల్‌గా పోల్చుకోగలరు’ అని రాసి తప్పుకుంటాం. గైరస్ తెలిసి, చెయ్యి చూసి, రెండూ సరిపోయాక కూడా అలా రాయడం మర్యాద కాదు, దాటవేత.

మెడలోనే ఉంది, డిస్కులో కాదు

చోటు మారితే వైద్యం ఎందుకు మారాలి? ఎలాగూ యాస్పిరిన్ ఇచ్చారు కదా అని ఒక జూనియర్ అడిగాడు. మంచి ప్రశ్నే.

కార్టెక్స్‌లో ఇంత చిన్న మచ్చ పడిందంటే సాధారణంగా ఎక్కడి నుంచో ఒక గడ్డ ముక్క కొట్టుకొచ్చి చివరి కొమ్మలో ఇరుక్కుందని అర్థం. గుండె నుంచి రావచ్చు, మెడలోని కరోటిడ్ రక్తనాళం నుంచి రావచ్చు. అదే రోజు మెడ రక్తనాళాల్లో రక్తం వేగాన్ని కొలిచే డాప్లర్ స్కాన్ చేశాను. మెదడుకు పోయే కొమ్మ, ఎడమ ఇంటర్నల్ కరోటిడ్ మొదట్లోనే కొవ్వు పేరుకుని, గరుకుగా, లోపలికి పొడుచుకొచ్చి ఉంది. అక్కడ రక్తం వేగం సెకనుకు 230 సెంటీమీటర్ల హద్దును బాగా దాటింది. ఆ హద్దు దాటితే సన్నబడటం 70 శాతం లేదా అంతకు మించి అని లెక్క. సీటీ యాంజియోగ్రామ్ కూడా అదే చెప్పింది. ఈసీజీ, ఎకోలో గుండె వైపు నుంచి దోషం కనబడలేదు.

కరోటిడ్ సన్నబడిన పేషెంట్లను రెండు గుంపులుగా చూస్తారు. దాని వల్ల లక్షణాలు వచ్చినవాళ్ళు, రానివాళ్ళు. రానివాళ్ళలో మందులతో ఆగి చూడవచ్చు, తొందర లేదు. వచ్చినవాళ్ళ సంగతి వేరు. కరోటిడ్ ఆపరేషన్‌ను మందులతో పోల్చి 1991లో వెలువడిన నాసెట్ అధ్యయనంలో, లక్షణాలు కనిపించి 70 నుంచి 99 శాతం సన్నబడిన వాళ్ళలో మందులు మాత్రమే వాడిన గుంపులో రెండేళ్ళలో అదే వైపు స్ట్రోకు వచ్చినవాళ్ళు 26 శాతం, ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళలో 9 శాతం. ఆ లాభం కూడా మొదటి రెండు వారాల్లో చేస్తేనే ఎక్కువ, ఆలస్యమయ్యేకొద్దీ తగ్గిపోతుంది. పెరైటల్ మచ్చ, చేతికి సంబంధం లేదు అన్న రిపోర్టుతో ఈమె రానివాళ్ళ గుంపులో పడిపోయింది. ప్రీసెంట్రల్ అనగానే వచ్చినవాళ్ళ గుంపులోకి మారింది. అప్పటికి ఎనిమిది రోజులు గడిచిపోయాయి.

“వేలూరు తీసుకెళ్ళమంటారా మేడం?” అని కొడుకు అడిగాడు. చిత్తూరు వైపు పెద్ద జబ్బు అనగానే వచ్చే మొదటి ప్రశ్న అది. ఎక్కడ చేయించినా సరే, ఈ వారం దాటకూడదని న్యూరాలజిస్టు గట్టిగా చెప్పారు. పదమూడో రోజున మెడ పక్కన కోసి, రక్తనాళం తెరిచి, పేరుకున్నదాన్ని తీసేశారు. రక్తం గడ్డకట్టకుండా క్లోపిడోగ్రెల్, కొవ్వు తగ్గడానికి స్టాటిన్, బీపీ మాత్రలు, షుగర్ మాత్రలు మొదలయ్యాయి. మెడ కాలర్ తీసి పక్కన పడేశారు.

తర్వాత

హ్యాండ్ నాబ్‌లో చిన్న ఇన్‌ఫార్క్ట్ వచ్చినవాళ్ళ చెయ్యి చాలావరకు బాగానే కోలుకుంటుంది. ఈమె విషయంలో ఫిజియోథెరపీ కంటే ఆవులే ఎక్కువ పని చేయించాయని కొడుకు అంటాడు. మొదట ఎడమ చేత్తో పితికింది, నెల తిరిగాక కుడి చెయ్యి కూడా కలిపింది. మణికట్టు ముందు తిరిగొచ్చింది. తర్వాత నాలుగు వేళ్ళు ఒక్కసారిగా విప్పుకోవడం వచ్చింది. వేళ్ళను ఒక్కొక్కటిగా కదిలించడం ఆలస్యమైంది. ముడిలో బొటనవేలు, చూపుడు వేలు ఎక్కువగా బయటి వైపు ఉంటాయి, చిటికెన వేలు లోపలి వైపు. ఈమె మచ్చ బయటి వైపుది. చిటికెన, ఉంగరపు వేళ్ళు త్వరగా బాగుపడి, బొటనవేలు, చూపుడు వేలు వెనకబడటం దానికి సరిపోయింది.

మూడు నెలలకు మళ్ళీ ఎమ్మారై తీశాం. ఫ్లెయిర్‌లో ఆ నెలవంక సన్నటి తెల్ల గీతగా మిగిలింది. టీ1లో ముడి వెనక అంచు, కుడి వైపు దాంతో పోలిస్తే, కొంచెం నొక్కుకుపోయినట్టుంది. కొత్త మచ్చలు లేవు. డాప్లర్‌లో ఎడమ కరోటిడ్ బాగా తెరుచుకుని ఉంది. కుడి వైపు కూడా కొంచెం పేరుకుంది గానీ ఇప్పటికి ఆపరేషన్ అవసరం లేదు, ఆరు నెలలకోసారి చూడాలి. రెండు పూటలా పాలు పితుకుతోంది. సూదిలో దారం ఎక్కించడం మాత్రం ఇంకా మనవరాలి పనే.